మా ఇంటి కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డి వేసిన వారం

కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేస్తే, "సీపీయూ ఒకసారి షాపుకి తెచ్చీండి మేడమ్, అరగంటలో వేసేసి ఇచ్చేస్తాను" అన్నాడు. చోడవరంలో మా ఇంటి నుంచి ఆ షాపుకి ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాలే నాకు లేవు. "మీరే ఇంటికి రాగలరా?" అని అడిగాను. షాపులో తానొక్కడే ఉంటాడట, వదిలి రావడం కుదరదట. నాకూ అంతే అనబోయి, ఫోన్ పెట్టేశాను.

అప్పటికి మా అత్తకి పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం ఆరు నెలల్లో తిరిగి వచ్చింది, మునుపటి పదునుతోనే. ఆమె మా నాన్నకి స్వయానా అక్క. అందుకే అత్తయ్యగారూ అనకుండా, అత్తా అనే పిలుస్తాను. మేనరికం చేసుకుంటే అత్తారింట్లో కష్టం ఉండదని మా పెళ్లిలో అందరూ అన్నారు. అత్త మీద విసుగొస్తే పుట్టింట్లో చెప్పుకోవడానికి ఉండదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మకి ఫోన్ చేసి ఏదైనా అనబోతే, పక్క నుంచి నాన్న గొంతు వినిపిస్తుంది: "మా అక్క ఎలగుంది?"

నా భర్త విశాఖపట్నంలో ఒక కంపెనీలో పని చేస్తాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాడు. నేను ఇంట్లోనే టైపింగ్ చేస్తాను. ఒక ప్రైవేటు స్కూలు వాళ్ల ప్రశ్నపత్రాలు, వడ్డాది, రావికమతం వైపు నుంచి వచ్చే పెళ్లి కార్డులు. చేతిరాత కాగితాలు ఫోన్‌కి పంపిస్తారు, టైపు చేసి తిరిగి పంపిస్తాను. కంప్యూటర్, అత్త మంచం ఒకే గదిలో ఉంటాయి. ఆ గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి ఆ గదికి. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లి ఎన్ని రోజులైందో ఒక్కోసారి గుర్తుండేది కాదు.

మా కంప్యూటర్ బాగా పాతది. స్విచ్ వేస్తే పనికి సిద్ధమయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టేది. పరీక్షల రోజుల్లో స్కూలు నుంచి గంటకో ఫోన్ వచ్చేది. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి వేస్తే బాధ వదులుతుందని నా భర్తే ఒకటి తెప్పించాడు. పాత డిస్క్‌లోలాగా లోపల తిరిగే పళ్లెం ఏదీ ఉండదట, అందుకే అంత వేగమట. పెట్టె విప్పితే అరచేతిలో ఇమిడిపోయింది, బిస్కెట్ ప్యాకెట్ పాటి బరువు కూడా లేదు. "ఆదివారం నేనే పెడతాన్లే" అన్నాడు. మూడు ఆదివారాలు వచ్చి వెళ్లాయి. వచ్చిన మనిషి అలసటతో పడుకుని నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు.

ఆ తర్వాతి మంగళవారం అత్తకి స్నానం చేయించి, ఇడ్లీ తినిపించి, సీపీయూని నేల మీద అడ్డంగా పడుకోబెట్టాను. ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని, అందులో అతను చెప్పినట్టే పక్క రేకు విప్పాను. లోపల దుమ్ము దుప్పటి పరిచినట్టు ఉంది. ఫ్యాన్ పక్కన బల్లి గుడ్ల పెంకులు రెండు కనిపించాయి.

"ఏటే అయి?" అంది అత్త మంచం మీద నుంచి.

"బల్లి గుడ్లు, అత్తా."

"ఎచ్చగుంటాది కదా, కాపరం ఎట్టేసింది. ఆ మేకులు ఇలగియ్యి. నువ్వు ఎక్కడో పడీసి మళ్లీ ఎతుకుతావు."

విప్పిన మరలు ఆమె ఎడమ అరచేతిలో పోశాను. పిడికిలి బిగించి పట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకి ఒక పని దొరికింది.

ఎస్‌ఎస్‌డితో కేబుళ్లేమీ రాలేదు. ఏళ్లుగా వాడని సీడీ డ్రైవ్ వెనకున్న రెండు కేబుళ్లు పీకి దీనికి తగిలించాను. బిగించే చోటు దొరక్క, రెండు వైపులా అంటుకునే టేపుతో లోపలి గోడకి అంటించాను. రేకు మళ్లీ మూసేటప్పుడు అత్త పిడికిలి విప్పి మరలు ఒక్కొక్కటీ అందించింది.

ఇక పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి ఎక్కించాలి. దాన్ని క్లోనింగ్ అంటారు. పదకొండు గంటలకి మొదలుపెడితే నాలుగు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. ఈలోగా కరెంటు పోకూడదని వీడియోలో అతను రెండుసార్లు చెప్పాడు. మా యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలకి మించి నిలవదు. కరెంటు పోతే వెంటనే క్లోనింగ్ ఆపేసి కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపాలి, అంతే. దానికి పక్కనే ఉంటే చాలు. నేను ఎటు పోతాను కనక, అనుకున్నాను.

రెండున్నరకి డెబ్భై ఎనిమిది శాతం అయింది. అప్పుడు అత్త, "అమ్మీ, లెగాల" అంది.

ఆమెని లేపడం అంటే నా మెడ చుట్టూ ఎడమ చెయ్యి వేయించి, నడుం పట్టుకుని, అడుగు అడుగూ జరుపుతూ బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం. లోపల కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా పట్టుకునే ఉండాలి. అలా పట్టుకుని నిలబడి ఉండగా లైటు ఆరిపోయింది. గదిలో యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది.

"కరెంటు పోనాదా?"

"ఆఁ."

"నువ్వు ఎల్లి సూసుకో."

"నువ్వు పడిపోతావు, అత్తా."

"గోడట్టుకుంటాను. ఎల్లే!"

ఏ చేత్తో పట్టుకుంటుంది? మా బాత్‌రూమ్‌లో ఆమెకి ఎడమ పక్కన గోడ దూరం. కుడి పక్కనే గోడ ఉంది, ఆ చెయ్యి పని చేయదు. ఒకసారి అడుగు తీయబోయాను. నేను కాస్త కదిలేసరికే ఆమె మొత్తం శరీరం నా మీదికి వాలింది. మళ్లీ పట్టుకున్నాను. కూత ముందు ఆగి ఆగి వచ్చింది, తర్వాత వెంటవెంటనే, తర్వాత ఒకటే కూతగా సాగింది. అప్పటికి ఆమె పని కాలేదు, కంగారులో అవదు కూడా. ఆ చీకట్లో ఆమె తల నా పొట్టకి ఆనించుకుని, ఇద్దరం ఆ కూత విన్నాం. అది ఆగిపోయాక ఇల్లంతా నిశ్శబ్దంగా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించింది, అంతే. ఎక్కడికో కూడా తెలియదు.

గంట తర్వాత కరెంటు వచ్చింది. పాత డిస్క్ తనని తాను పరీక్షించుకుంటున్నట్టు ఒక నల్లటి తెర వచ్చి, సాయంత్రం దాకా అలాగే ఉంది. పదో తరగతి పేపర్లన్నీ అందులోనే ఉన్నాయి. చివరికి తెరుచుకుంది, ఏదీ పోలేదు. కొత్తదాంట్లోకి ఎక్కింది మాత్రం దేనికీ పనికిరాదు, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మర్నాడు పొద్దున తొమ్మిదికే మళ్లీ మొదలుపెట్టాను. పదయింది, పదకొండయింది, పన్నెండయింది. అత్త ఒక్కసారి కూడా పిలవలేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. ఒంటిగంటకి అన్నం తినిపించడానికి మంచం దగ్గరికి వెళ్తే, పొద్దున పెట్టిన గ్లాసు నిండుగా అలాగే ఉంది. మాత్రలు కూడా పక్కనే ఉన్నాయి.

"నీళ్లు తాగలేదేటి అత్తా?"

"అది అయిపోనీ. నీళ్లు తాగితే మళ్లీ లెగాల కదా."

"మందులు మానేస్తావా దానికోసం?"

"ఒక పూటకి సచ్చిపోనులే. ఎంతయ్యింది, సూడు ముందు."

కోపం ముంచుకొచ్చింది. ఆమె మీదో, కంప్యూటర్ మీదో, నా మీదో తెలియలేదు. గ్లాసు ఆమె నోటి దగ్గర పెట్టి తాగమన్నాను. మొహం పక్కకి తిప్పేసుకుంది. బతిమాలి, చివరికి గట్టిగా అరిచి తాగించాను. ఎండిన పెదవులతో గటగటా మొత్తం తాగేసింది. అంత దాహంతో ఉంది.

మధ్యాహ్నం కరెంటు పోలేదు, పని పూర్తయింది. అయినా కంప్యూటర్ ఎప్పటిలా పాత డిస్క్ నుంచే మొదలవుతోంది. పాతదాని కేబుల్ పీకేసి మళ్లీ స్విచ్ వేశాను. పదిహేను సెకన్లలో తెర వెలిగింది.

"అప్పుడే?" అంది అత్త.

ఆ వారం చాలా సంతోషంగా గడిచింది. తర్వాత నెమ్మదిగా తెలిసింది నాకేం పోయిందో. ఇన్నాళ్లూ స్విచ్ వేసి, అది తెరుచుకునేలోగా మేడ మీదికి వెళ్లేదాన్ని. చెరకు లారీలు వరసగా పోతుంటే చూస్తూ టీ తాగి దిగేదాన్ని. ఇప్పుడు కుర్చీలో కూర్చునేలోపే అది సిద్ధంగా ఉంటోంది. పేపర్లు తొందరగా వస్తున్నాయని స్కూలు వాళ్లు తమ రెండో బ్రాంచి పని కూడా ఇస్తామన్నారు. ఆలోచించకుండా సరేనన్నాను. ఒకరోజు వాళ్ల ఫోన్ వస్తే, తెరిచిన ఫైలు ముందు కూర్చునే, "సిస్టమ్ ఇంకా ఓపెన్ అవలేదండీ" అని అబద్ధం చెప్పాను.

ఫోన్ పెట్టగానే అత్త కిసుక్కున నవ్వింది. "మేడ మీదకి ఎల్తన్నావు కాదేటి ఈ మద్దెన?"

నేను వెళ్తున్నట్టు ఆమెకి తెలుసని నాకు తెలియదు. "పనుంది కదా" అన్నాను.

"ఎల్లు. నువ్వు ఎల్తే నాకూ కాసేపు బాగుండేది. కళ్లు మూసుకుని ఒక్కదాన్నీ ఉండేదాన్ని. రోజంతా నీ మొకం సూడ్డం నాకు మాత్రం సరదా ఏటి?"

ఆ మాటకి నొచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. రెండేళ్లుగా నేనే ఆమె దగ్గర చిక్కుకుపోయాననుకున్నాను. నా చేతులు తప్ప వేరే దారి లేక ఆమె కూడా నా దగ్గర చిక్కుకుపోయిందని ఆలోచించలేదు. నా అడుగుల చప్పుడు, నా విసుగు, నా ఫోన్లు అన్నీ ఆమె మంచం మీద నుంచి వినాల్సిందే.

ఎస్‌ఎస్‌డి ఇప్పటికీ బాగానే ఉంది. పాత డిస్క్‌ని బయట నుంచి వైరుతో తగిలించుకునే డబ్బాలో పెట్టించాను; ఆదివారం నా భర్త ఇంట్లో ఉన్నప్పుడు అన్నీ అందులోకి కాపీ చేస్తాను. కొత్తదాన్ని పూర్తిగా నింపకుండా కొంత ఖాళీ ఉంచుతాను. పాతదానికి చేసినట్టు ఫైళ్లు సర్దే ప్రోగ్రాం దీనికి నడపొద్దని షాపతను ఫోన్‌లో చెప్పాడు. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. రెండో బ్రాంచి పని ఇంకా వదులుకోలేదు.

మధ్యాహ్నం మందులయ్యాక అరగంట నేను మేడ మీదికి వెళ్తాను. మంచం దగ్గర ఒక గంట పెట్టాను, ఎడమ చేత్తో కొట్టడానికి వీలుగా. కొన్ని రోజులు ఐదు నిమిషాలకే మోగుతుంది, దిగి వస్తాను. కొన్ని రోజులు ఎంతసేపటికీ మోగదు. ఆ రోజుల్లో భయమేసి, నేనే ముందుగా దిగి వచ్చేస్తాను.