ఒక్క దెబ్బకు సరిపోయే బుల్లెట్

పోయిన వారం, అమెరికా పడమటి తీరాన బాతెల్‌లోని మా ల్యాబ్‌లో, లోహపు ముక్కలను నునుపు చేసే యంత్రం కోసం తెప్పించిన పెట్టె ఒకటి తెరిచాను. లోపల అక్రోటు పెంకుల పొడి. ఆ వాసన తగలగానే, దేశానికి అవతలి కొసన మోరిస్‌విల్‌లో మా ఇంటి గ్యారేజ్ కళ్ల ముందుకొచ్చింది: ఎండకు కాగిన టైర్లు, తలుపు సందులోంచి వచ్చే ఇంగువ పోపు, మూలన గరగరమని తిరిగే డబ్బా, అందులో ఇదే పొడిలో దొర్లుతూ మెరుగెక్కే ఇత్తడి గొట్టాలు.

మా నాన్న డాక్టరేట్ చేసిన కెమిస్ట్. వేట మాత్రం పక్కవీధి వేన్ అంకుల్ దగ్గర నేర్చుకున్నాడు. భుజానికి ఆపరేషన్ అయ్యాక రైఫిల్ మడమ ఆనించుకోవద్దని డాక్టర్ చెబితే, వేట మానకుండా రివాల్వర్‌కి మారాడు. తూటాలు కొనేవాడు కాదు, తనే తయారు చేసుకునేవాడు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, లోపల తుపాకి మందు, పైన బుల్లెట్. మొదటి మూడూ ఎలా ఉండాలో పుస్తకం చెబుతుంది. బుల్లెట్‌ను మాత్రం ఏ జంతువును ఎంత దూరంలో కొడతామో ఆలోచించుకుని మనమే ఎంచుకోవాలి.

నాకు పదేళ్లు వచ్చేసరికి ఆ ఎంపిక మా ఇంట్లో తగాదాగా మారింది. అంతకు ముందు చలికాలం నాన్న కొట్టిన జింక పడలేదు. మొన బోలుగా ఉండే తేలికపాటి బుల్లెట్ భుజం ఎముకకు తగిలి, లోతుకు పోకుండా పైనే చితికిపోయింది. నాన్న, వేన్ అంకుల్ చీకటి పడేదాకా ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ వెళ్లారు. బురదనేల దగ్గర ఆ జాడ ఆగిపోయింది. ఇంటికొచ్చిన నాన్న బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"ఆ మూగజీవి ఎక్కడ పడి ఎంతసేపు కొట్టుకుంటుందో తెలుసా మీకు?" అంది అమ్మ. అమ్మది తెనాలి, కోపం వచ్చినప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

"మళ్ల గట్ల కానియ్య," అన్నాడు నాన్న. "ఒక్కటే దెబ్బ. రెండోది కావాల్సొస్తే ఇగ బంద్. తుపాకి అమ్మేస్త."

ఆ ఏడు వేసవి అంతా ఆ మాట మా గ్యారేజ్‌లో మాతోపాటే కూర్చుంది. బల్ల మీద మూడు రకాల బుల్లెట్లు: బోలు మొనది, మెత్తటి సీసం మొనది, రాగి తొడుగుతో బల్లపరుపు మొన ఉన్న బరువైనది. బోలు మొనది చూపించి, అమెరికన్ యాసలో నేను, "నాన్నా, హాలో పాయింట్ బెటర్ కదా? బిగ్ హోల్ చేస్తుంది," అంటే, "రైఫిల్ లెక్క స్పీడ్ ఉంటే చేస్తది బిడ్డా. దీనికి గంత స్పీడ్ లేదు. ఒకపారి విచ్చుకుంటది, ఒకపారి విచ్చుకోది. 'ఒకపారి' అన్నది నాకొద్దు," అనేవాడు. ఆయనకు రెండు వైపులా రంధ్రం కావాలి, ఎముక అడ్డొచ్చినా దారి తప్పకూడదు, విచ్చుకున్నా విచ్చుకోకపోయినా పని జరగాలి.

పరీక్షకు తడి కాగితం కావాలి. తెలుగు సంఘం ఏటా పంచే సావనీర్లు అటక మీద గుట్టగా ఉండేవి. వాటిని టబ్బులో నానబెట్టి, కట్టలు కట్టి, వేన్ అంకుల్ పొలంలో మట్టికట్ట ముందు నిలబెట్టి కాల్చాము.

"వాటిలో నా వ్యాసం ఉందండీ," అంది అమ్మ, తడి ముద్దలను చూసి.

"బోలుది నీ వ్యాసం దాక రాలే. అధ్యక్షుని సందేశం కాన్నే ఆగింది."

"మరి బరువుది?"

"నీ వ్యాసం, కమిటీ ఫోటోలు, వధూవరుల ప్రకటనలు, అన్నీ చదువుకుంట అవతలికి పోయింది."

అమ్మ నవ్వింది. ఆ వేసవిలో గ్యారేజ్ గురించి అమ్మ నవ్వడం నాకు అదొక్కసారే గుర్తుంది. నాన్న బరువుదే ఎంచుకున్నాడు.

పేలినప్పుడు అది చేతిని ఎక్కువగా వెనక్కి తన్నుతుంది. రివాల్వర్‌లో ఒక తూటా పేలిన కుదుపుకు, సిలిండర్‌లో మిగిలిన తూటాల బుల్లెట్లు గొట్టాల్లోంచి ముందుకు జారే ప్రమాదం ఉంది. ఒక్కటి బయటికి పొడుచుకొచ్చినా సిలిండర్ తిరగదు, రెండోది పేలదు. అందుకే నాన్న ప్రతి బుల్లెట్‌ను స్పిరిట్‌తో తుడిచి, జిడ్డుంటే పట్టు జారుతుందని పూర్తిగా ఆరాక గొట్టంలో దించి, గొట్టం అంచును బుల్లెట్ నడుము గాడిలోకి నొక్కేవాడు. అలా చేసినవి పరీక్షలో కొంచెం కూడా కదలలేదు.

అంతలో దసరా వచ్చింది. ఇంట్లో గారెలు, మటన్, పక్కింటి ఆంటీ పంపిన సేమ్యా పాయసం. ఆయుధపూజకు అమ్మ కార్లకు, లాప్‌టాప్‌లకు, కుట్టుమిషన్‌కి బొట్లు పెట్టి, ఏమనుకుందో ఏమో, పళ్లెం పట్టుకుని గ్యారేజ్‌లోకి కూడా వచ్చింది. నీళ్లయితే ఇనుము తుప్పు పడుతుందని పసుపును నువ్వుల నూనెతో కలిపింది. తూటాలు నొక్కే ప్రెస్‌కు, తక్కెడకు, ట్రేలో నిలబెట్టిన వేట బుల్లెట్లకు ఒక్కొక్కదానికీ ఓపికగా బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. నాన్న చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. అలిగిన మనిషి తనంతట తానే వచ్చింది.

మర్నాడు ఆ బుల్లెట్లతో తూటాలు చేసేటప్పుడు నాన్న స్పిరిట్ సీసా తీశాడు, కొంచెంసేపు చూశాడు, మూత పెట్టేశాడు. పూజ చేసినవాటిని స్పిరిట్‌తో కడగడానికి ఆయనకు మనసొప్పలేదు. పొడిగుడ్డతో బొట్లు తుడిచి పని కానిచ్చాడు.

వేట రోజు గడ్డి మీద మంచు ఉంది. పొలం అంచున ఎండుకొమ్మలతో కట్టిన మరుగులో నేను, నాన్న. వేన్ అంకుల్ అవతలి గట్టున. నాన్న చేతులు ఇసుకసంచి మీద ఆనించి ఉన్నాయి. ఆడ జింక ఒకటి చెట్లలోంచి వచ్చి, తల ఎత్తి, పక్కకు తిరిగింది. తుపాకి పేలింది. జింక నడుము వంచి, నాలుగడుగులు పరిగెత్తి, ఆగి నిలబడింది.

నాన్న బొటనవేలు, పేల్చే ముందు వెనక్కి లాగాల్సిన హామర్ మీదకు వెళ్లింది. హామర్ సగంలో ఆగిపోయింది.

"షూట్, నాన్నా," అన్నాను.

"తిరుగుతలేదు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. జింక ఊపిరి పొగలా కనిపిస్తోంది. అది పరిగెత్తితే అడవి, అడవి దాటితే బురదనేల. నాన్న తుపాకిని నేలవైపు దించి కదలకుండా ఉండిపోయాడు. కదిలితే అది పారిపోతుంది. ఇక చేయగలిగింది అంతే. దాని వెనక కాళ్లు వణికాయి. తర్వాత ముందుకాళ్లు మడిచి, అలసిన ఆవులా కూర్చుని, తల వాల్చేసింది.

వేన్ అంకుల్ వచ్చి చూశాడు. బుల్లెట్ రెండు ఊపిరితిత్తులనూ దాటి అవతలికి వెళ్లింది. "పర్ఫెక్ట్ షాట్, డాక్," అన్నాడు. నాన్న వినిపించుకోకుండా సిలిండర్ ముందు పొడుచుకొచ్చిన బుల్లెట్‌నే చూస్తున్నాడు.

ఇంటికొచ్చి మిగిలిన తూటాలు విప్పాడు. లాగిన ప్రతి బుల్లెట్ నూనెతో మెరిసింది. తెల్లగుడ్డ మీద పసుపు గీతలు పడ్డాయి. నా వైపు చూసి, ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వంటింట్లో అమ్మ అడిగింది. "ఒక్కటేనా?"

"ఒక్కటే పేలింది. రెండోది ఇరికింది. నేనే సరిగ్గ తుడవలే."

"ఒక్కదానితోనే పోయిందిగా. ఇంకేంటి?"

"నేను రెండోదానికి చెయ్యి పెట్టిన."

ఆ చలికాలమే రివాల్వర్ అమ్మేశాడు. ప్రెస్ వేన్ అంకుల్‌కి ఇచ్చేశాడు. మరుసటి ఏడు సీజన్ మొదలయ్యేముందు, "నేనేదో కోపంలో అన్నాను, వెళ్లిరండి," అని అమ్మే చెప్పింది. నాన్న వెళ్లలేదు. ఆ గుడ్డ మీది మరక అమ్మ చూసిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు వేన్ అంకుల్ లేడు. ఆయన పొలంలో టౌన్‌హోమ్‌లు లేచాయి, బురదనేలను పూడ్చి పార్కింగ్ వేశారు. ఉండడానికి చోటు లేని జింకలు సాయంత్రాలు మా పెరట్లోకి వచ్చి అమ్మ వేసిన గోంగూర తింటాయి. మొన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను: నాన్న గాజు తలుపు వెనక నిలబడి, జింక పక్కకు తిరిగేదాకా, దాని భుజం వెనక ఒక చోట చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి చూశాడు. తర్వాత చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్లి, అది పారిపోయాక, గోంగూర మీద వల సరిచేశాడు.