నాన్న తేలిక చేసిన కారు

లాలాగూడ వంతెన ఎక్కేటప్పుడు, ముందు పోతున్న ఏ ఆటోనో, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల కారో ఒక్కోసారి క్లచ్ కాల్చేస్తుంది. ఆ మాడు వాసనకి చుట్టుపక్కల వాళ్లంతా అద్దాలు ఎత్తుకుంటారు, నేను మాత్రం దించుకుంటాను. వెనక సీట్లో మా అమ్మాయి ముక్కు మూసుకుని "మమ్మీ, ప్లీజ్!" అని గోల పెడుతుంది. దానికి అది పాడైన బండి వాసన. నాకది నాలుగో తరగతి, డిసెంబరు చలి, మారేడ్‌పల్లిలో మా ఇంటి జామచెట్టు కింద ఇటుకల మీద నిలబెట్టిన ఎర్రకారు.

ఎర్రకారు అనడం మా నాన్న మీద గౌరవం కొద్దీ. కంటోన్మెంటులో ఎవరిదో బంగళా వెనక ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి, మా ఇంటికి వచ్చేసరికి అది వెలిసి వెలిసి గులాబీ రంగుకి తిరిగింది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకి ఆనుకుని కూర్చున్నట్టుండే జపాన్ స్పోర్ట్స్ కారు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దస్తమానం టన్నుల బరువుండే బోగీలతో కుస్తీ పట్టే మనిషి. ఊరవతల వాడకుండా వదిలేసిన రన్‌వే మీద జనవరిలో డ్రాగ్ రేసు పెడుతున్నారని విన్నప్పటి నుంచి ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. పావు మైలు దూరం, పక్కపక్కన రెండు కార్లు, ముందు దాటిన కారుదే గెలుపు. జీవితంలో ఒక్కసారి ఆ పావు మైలు తన చేత్తో నడపాలన్నదే ఆయన కోరిక. ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

పక్క గల్లీలో మెకానిక్ షెడ్డున్న యూసుఫ్ అంకుల్ నాన్నకి చిన్నప్పటి దోస్తు. బానెట్ ఎత్తి చూసి, గడ్డం గోక్కుని, మొదటిరోజే తేల్చి చెప్పేశాడు. "ఇంజిన్ల తాకత్ పెంచాలంటే పైసల్ కావాలె భాయ్. బరువు తీసుడుకైతే పానా చాలు."

పైసలు లేవు కాబట్టి పానా పట్టారు. నాన్న డ్యూటీ దిగి వచ్చిన ప్రతి సాయంత్రం, ఎండ జామచెట్టు కొమ్మల్లోంచి దిగిపోయేదాకా, కారులోంచి ఏదో ఒకటి బయటికి వచ్చేది. ఏసీ మెషిన్ వచ్చింది, రేడియో వచ్చింది, కార్పెట్ కింద నుంచి ఎవరిదో దువ్వెనా రెండు పెప్పర్‌మెంట్లూ వచ్చాయి. వెనక సీటు మా వరండాలో సోఫా అయింది. నానమ్మ దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని బఠానీలు ఒలుచుకుంటూ బైబిలు చదువుకునేది. తలుపుల అద్దాలు తీసేసి, సైన్‌బోర్డులు చేసే షాపు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ షీట్లు కోసి బిగించారు. నేల రేకుకి అంటుకున్న తారు పొర ఎంత గీకినా ఊడకపోతే, దాన్ని గడ్డకట్టించి కొడితే పెచ్చులుగా లేస్తుందని ఎవరో చెప్పారు. నాన్న మోండా మార్కెట్‌కి పోయి చేపలమ్మే ఆమె దగ్గర మిగిలిన ఐసంతా గోనెసంచిలో వేసుకొచ్చాడు. తారైతే లేచింది. నీచు వాసన మాత్రం రేసు రోజుకి కూడా పోలేదు, మా వీధి పిల్లులన్నీ ఆ కారు కిందే కాపురం పెట్టాయి.

విప్పింది ఎంత బరువో తెలియకపోతే నాన్నకి తోచేది కాదు. ఉల్లిగడ్డల వ్యాపారిని బతిమాలి, పాత కాటా ఒకటి తోపుడు బండి మీద ఇంటికి తెచ్చాడు. అది వచ్చిన రోజు మా వీధికి పండగే. పిల్లలం వరసకట్టి ఎక్కాం, నానమ్మ బైబిలుతో సహా ఎక్కింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వుతూ ఎక్కింది, నలభై ఏడు. నాన్న అందరికంటే చివర ఎక్కాడు, తొంభై నాలుగు. యూసుఫ్ అంకుల్ ఈల వేశాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కి మా ఇంట్లో జరిగిన అన్యాయం అంతా ఇంతా కాదు. అమ్మ కిస్‌మిస్‌లు నెల ముందే నానబెట్టింది. కేకు పిండి పెద్ద డేకిసాలో కలిపి, తడిగుడ్డ కప్పి, అమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని బేకరీకి మోసుకెళ్లి, మా వంతు వచ్చేదాకా బట్టీ వేడిలో చలి కాచుకుంటూ నిలబడి కాల్పించుకొచ్చాం. అచ్చులతో వేయించిన గులాబీ పూలు, కజ్జికాయలు డబ్బాలకి డబ్బాలు నిండాయి. నాన్న వాటిలో ఒక్కటీ ముట్టలేదు. పండగనాడు అందరూ బిర్యానీ తింటుంటే ఆయన దోసకాయ ముక్కలు నమిలాడు. "నా కొడుక్కి ఏం రోగమొచ్చింది ప్రభువా!" అని నానమ్మ కళ్లు తుడుచుకుంది. స్కూటర్ వదిలేసి లాలాగూడ వర్క్‌షాపుకి నడిచిపోయి, నడిచి వచ్చి, ఇంత తపస్సు చేసి ఆయన తగ్గింది నాలుగు కిలోలు.

ఏడాది చివర్లో ఒక పొద్దున ఖాళీ రోడ్డు మీద కారు పరుగెత్తించి చూసుకొచ్చారు. కారుతో పాటే క్లచ్ మాడిన వాసన జామచెట్టు కిందికి వచ్చింది. నాన్న ముఖం దిగాలుగా ఉంది. ఇంకో అర సెకను తగ్గితే తప్ప మొదటి రౌండు కూడా గట్టెక్కలేమని యూసుఫ్ అంకుల్ అన్నాడు. ఇద్దరూ కారు చుట్టూ తిరిగారు. తీయడానికి ఇంక ఏమీ మిగల్లేదు. నేను కాటా మీద కూర్చుని జామకాయ తింటున్నాను. తీసివేతల్లో క్లాసులో అందరికంటే ముందుండే పిల్లని, ఊరుకుంటానా?

"అమ్మ నడిపితే నలభై మూడు కిలోలు తగ్గుతది కదా నాన్నా!"

అమ్మకి డ్రైవింగ్ రాదని అనడానికి కూడా వీల్లేదు. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో అంబులెన్స్ నడిపిన మనిషి కూతురు ఆమె; గేరు మార్చితే పక్కన కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు. నాన్న చేతిలో పానాని గుడ్డతో చాలాసేపు తుడిచాడు. "లెక్క కరెక్టే" అన్నాడు.

అమ్మ ససేమిరా అంది. "నాకెందుకండీ ఈ పిచ్చి? మా బళ్లో పిల్లలు చూస్తే నా పరువేం కాను?"

"కారు గెలవాలె గద టీచరమ్మా. ఎవరు నడిపితేంది?" అన్నాడు నాన్న. ఆ సాయంత్రమే సీటు కింద రేకుకి కొత్త రంధ్రాలు వేసి, తన మోకాళ్లు పట్టనంత ముందుకి సీటు జరిపి బిగించేశాడు.

రేసు ఆదివారం. అమ్మ తెల్లవారు ఆరాధనకి పోయొచ్చాకే కదిలింది. నాన్న వర్క్‌షాపు డాంగ్రీని ఆమె చేతులూ కాళ్లూ మడిచి తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే, కారులో మనిషి ఉందా అని వంగి చూడాల్సి వచ్చింది. నాన్న బెల్టు రెండుసార్లు లాగి చూసి ఇవతలికి వచ్చాడు. లైటు పచ్చగా మారింది, వెనక చక్రాలు పొగలు కక్కాయి, జనం అరిచారు. అమ్మ గెలిచిన ఆ పరుగు నేను చూడలేదు. నేను నాన్ననే చూస్తున్నాను. ఆయన కుడికాలు దుమ్ములో అదిమి ఉంది. ఎడమకాలు లేస్తోంది, పడుతోంది. ఎడమచెయ్యి గాల్లో ఒకటో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి పోతోంది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

రెండో రౌండులో గేర్‌బాక్సు పళ్లు ఊడిపోయాయి. దాన్ని బాగుచేయించే స్తోమత మాకు లేదు. వేసవికల్లా కారు ముక్కలుగా అమ్ముడుపోయింది. నాన్న ఆ పావు మైలు నడపనే లేదు.

ఇప్పుడు ఆ రన్‌వే మీద అపార్టుమెంట్లు లేచాయి. యూసుఫ్ అంకుల్ షెడ్డు సెల్‌ఫోన్ల దుకాణమైంది. కేకు పిండి డేకిసాలో మోసుకుపోయేవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు, నానమ్మా లేదు. నాన్న పోయినేడు రిటైరయ్యాడు. ఇన్నేళ్లూ అడగలేని మాట పోయిన ఆదివారం భోజనాలయ్యాక, అమ్మ లోపల నడుం వాల్చినప్పుడు అడిగేశాను.

"ఆ రోజు నేను ఆ లెక్క చెప్పకపోతే నువ్వే నడిపేటోడివి కదా నాన్నా?"

ఆయన బత్తాయి ఒలుస్తున్నాడు. "నువ్ చెప్పక ముందుకెల్లే నాకెర్క బిడ్డా. మీ అమ్మ కాటా ఎక్కిన దినమే ఎర్క" అన్నాడు. తొనలు విడదీసి నా చేతిలో పెట్టాడు.

"ఎవ్వరు బయటికి అనరనుకున్న."