ఇశ్రాయేలు తడిపిన దూది

విజయవాడలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో ఇశ్రాయేలు అటెండరు. పాతికేళ్లుగా కప్పలూ బొద్దింకలూ పట్టి తెచ్చినవాడే గానీ, 1974 వేసవిలో లెక్చరర్ ఛాయాదేవి బియ్యపు పురుగులు కావాలన్నప్పుడు మాత్రం చిక్కులో పడ్డాడు. తానుండే భవానీపురంలో ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, మీ బియ్యంలో పురుగులున్నాయా అండీ?" అని అడిగితే ఏ ఇల్లాలు ఉన్నాయంటుంది? నాలుగిళ్లవాళ్లు మొహమ్మీదే తలుపేశారు. చివరికి సీతారావమ్మ అనే ఆవిడ చేట తెచ్చి, "ఇవి మావి కావు, రేషను బియ్యంతో వచ్చినవి" అని చెప్పి మరీ ఇచ్చింది.

ఛాయాదేవి వాటి పిల్లల్ని రెండు వాటాలు చేసి, కొన్నిటిని వట్టి పిండిలో, కొన్నిటిని టెట్రాసైక్లిన్ మందు కలిపిన పిండిలో పెంచింది.

"పురుగులకి జొరమా అండీ?" అన్నాడు ఇశ్రాయేలు.

"కాదు. వీటి ఒంట్లో బాక్టీరియా కాపురముంటుంది. పైచర్మం గట్టిపడటానికి కావలసిన సరుకు అదే ఇస్తోందని నా అనుమానం. చర్మం గట్టిదైతే ఒంట్లో నీరు ఆరిపోదు. అందుకే పొడిబియ్యంలోనూ బతుకుతాయి. మందుతో ఆ బాక్టీరియాని చంపితే ఏమవుతుందో చూద్దాం."

పెరిగిన పురుగుల్ని సీసాల్లో వేసి, గాలిలో తేమని పీల్చేసే ఉప్పు అడుగున పెట్టి మూతలు బిగించారు. రోజూ చచ్చినవాటిని లెక్కపెట్టడం ఇశ్రాయేలు పని. వట్టి పిండి తిన్నవి నల్లగా నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. మందు తిన్నవి పాలిపోయి, రోజుకు పదేసి చస్తున్నాయి. బెజవాడ ఎండకి ఇశ్రాయేలుకే నాలుక పిడచకట్టుకుపోతోంది. మూడోరోజు ఉండబట్టలేక, మందు తిన్నవాటిలో ఒక సీసాలోని ఉప్పు తీసేసి తడిపిన దూది పెట్టాడు. అది ఆరకుండా పూటపూటా తడుపుతూ వచ్చాడు.

వారం గడిచినా ఆ సీసాలో ఇంకొకటి చావలేదు. ఛాయాదేవి తల పట్టుకుంది.

"ఇశ్రాయేలూ, ఈ సీసా ఎవరు ముట్టుకున్నారు?"

"నేనేనండి. దాహానికి చచ్చిపోతన్నాయండి. చూళ్లేకపోయానండి."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు. ఆమె ఆ సీసాని పక్కవాటితో పోల్చి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మందే విషమై చంపుతుంటే తడి దూది పెట్టినా చచ్చేవి. అవి ఎండిపోయి చచ్చాయని రుజువు చేసేది నీ సీసానే. నాకిది తట్టనేలేదు."

అంత చదువుకున్నావిడకి దాహం సంగతి తట్టకపోవడమేమిటో అతనికి అర్థం కాలేదు గానీ, తలూపాడు. ఇంటికెళ్లి భార్య దానమ్మతో చెబితే, "పురుగులకి నీళ్లు పెట్టావు సరే, నాకు బిందెడు నీళ్లు తెమ్మంటే నడుంనొప్పన్నావే" అంది.

మర్నాటి నుంచి ఇరవై సీసాల్లో దూది తడపడం అతని డ్యూటీ అయింది. ఎవరూ చెప్పనప్పుడు వారం పాటు ఒక్కపూటా మరవనివాడు, డ్యూటీ అయ్యాక రెండుసార్లు మరిచిపోయి ఛాయాదేవి చేత చివాట్లు తిన్నాడు.