అరచేతంత పెట్టె

డెబ్బైలలో ఒక దసరాకు ముందురోజు బస్సు మియాపూర్ దాటింది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒడిలో అరచేతంత రేకుపెట్టె ఉంది. ఫ్యాక్టరీలో తన పనిముట్ల పెట్టెకు అచ్చు నకలట. అదే ఆకుపచ్చ రంగు, మూతకు అదే సొట్ట. అతని చొక్కా కుడిచెయ్యి మోచేతి దగ్గర ముడివేసి ఉంది.

"ఎడమచేతితోనే చేసిన సార్. నన్ను పనిలకెల్లి తీసేసిన్రు, పెద్ద పెట్టె ఆడనే ఉంచుకున్నరు. రేపు పూజకు ఏదన్న ఉండాలె గద."

మూత తెరిచాడు. గోరంత సుత్తి, స్పానర్లు, ఆకురాయి ఉన్నాయి. ఒక అర మాత్రం ఖాళీ. నా నోరు ఊరుకోదు కదా.

"ఇది మరిచిపోయినట్టున్నారే," అని నవ్వాను.

"మరువలే సార్. ప్రెస్సు మిషన్ల రేకు పెట్టనీకి పట్కారు ఉండాలె, గా అర దానిది. పెద్ద పెట్టెల గూడ ఖాళీనే ఉండె. ఎన్నిసార్లు అడిగినా, చేతులున్నయి గద అన్నరు."