అంచున కూర్చున్నది నేను, దిగింది షాహీన్

కొత్తూరు నుంచి ఎయిర్‌పోర్టుకు షేర్ ఆటోలో పోదామనుకునేటోళ్ల కోసం ఇది రాస్తున్న. దారి సులువే. నాకు కోపమే ఇంకా తగ్గలేదు.

మా చెల్లె యాదమ్మ ఒమన్‌కు వంట పనికి పోతున్నది. ఆరింటికే ఏజెంటు వ్యాన్‌లో ఎక్కి వెళ్లిపోయింది. ఎనిమిదింటికి చూస్తే, ఆయాసమొచ్చినప్పుడు పీల్చుకునే పంపు అలమారలోనే ఉంది. ఫోన్ చేస్తే, "పదింటి దాకా ఎయిర్‌పోర్టు గేటు బయటనే ఉంట, తేవా అక్కా" అన్నది. అది విమానంలో ఊపిరాడక గిలగిల కొట్టుకుంటున్నట్టే కనపడింది నాకు. పంపు కొంగుకు ముడేసుకొని ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కిన. శంషాబాద్‌కు ముప్పై రూపాయలు. నిండితేనే కదులుతది. నేను అంచున కూర్చున్న, నా పక్కన గగన్‌పహాడ్ కంపెనీకి పోయే షాహీన్.

కొంత దూరం పోయినంక, కూరగాయల గంపతో రోడ్డు దాటుతున్న ఒకామెను బండోడు గుద్ది ఆగకుండా పోయిండు. మోకాలు చీరుకపోయి నెత్తురు కారుతున్నది. మా డ్రైవర్ ఆపిండు.

"ఒక్కరు దిగుండ్రి, ఈమెను దవాఖాన కాడ దించుత. వెనక ఇంకో ఆటో వస్తది."

టిఫిన్ డబ్బా పట్టుకున్నాయన, "నువ్వు ఆటో నడుపుతున్నవా, దవాఖాన నడుపుతున్నవా? పోనియ్యి," అన్నడు.

"నువ్వు పడితే గూడ గిట్లనే పోనియ్యాల్నా, అన్నా?"

అందరూ ఫోన్లు చూసుకుంటున్నరు. దిగడానికి అందరికన్నా వీలుగా ఉన్నది నేనే. ఇనుప రాడ్ గట్టిగ పట్టుకొని, "నా చెల్లెకు ఆయాసం, నేను దిగలేను బిడ్డా," అన్న.

"నిన్నడగలే అమ్మా," అన్నడు డ్రైవర్.

షాహీన్ నా మోకాళ్ల మీది నుంచి దాటుకుంటూ దిగింది. తొమ్మిదీ పదిహేనుకు వాళ్ల కంపెనీ గేటు మూసేస్తరని ఎక్కేటప్పుడు ఆమే చెప్పింది. దెబ్బ తగిలినామె ఆ జాగలో కూర్చుంటే నా చీరకు నెత్తురు అంటింది. నేను కొంగు జరుపుకున్న.

శంషాబాద్ దవాఖాన కాడ ఆమెను దించడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడి నుంచి వేరే ఆటోకు రెండు వందల యాభై అడిగితే, బేరమాడకుండ ఎక్కిన. తొమ్మిదీ ఇరవైకి ఎయిర్‌పోర్టు గేటు కాడ ఉన్న. ఇంకా నలభై నిమిషాలున్నయి.

యాదమ్మ పంపు తీసుకొని చీర చూసి, "ఎవరి నెత్తురక్కా ఇది?" అన్నది.

"తొవ్వల ఒకామె పడితే దవాఖానకు తెచ్చినం," అన్న.

"నువ్వు గట్లాంటిదానివే అక్కా," అని నా చెయ్యి పట్టుకున్నది. నేను కాదనలేదు.

టిఫిన్ డబ్బా ఆయన మీద నాకు మస్తు కోపమొచ్చింది. బండోడి మీద ఇంకా ఎక్కువొచ్చింది. కానీ వాళ్లు నాలెక్క అబద్ధం ఆడలేదు. ఇన్నేండ్లు అందరి కోసం పరేషాన్ అవుతున్న గనుక నేను మంచిదాన్నని అనుకున్న. నా పరేషాన్ ఎంతసేపూ నావాళ్ల చుట్టే తిరిగింది, పక్కనున్న మనిషి నెత్తురు అంటితే కొంగు జరుపుకున్నది. ఏ పరేషానూ చెప్పుకోకుండా షాహీన్ దిగిపోయింది. కంపెనీ గేటు మూసేలోపు చేరిందో లేదో నాకు తెల్వదు. ఆమె ఫోన్ నంబరన్నా అడగలేదు.

మీరు పోయేటప్పుడు ఒక్క అరగంట ముందే బయలుదేరుండ్రి. ఆ అరగంట మీది కాదు, తొవ్వల పడ్డోళ్లదనుకోండ్రి.