తొంభై ఒక్క మంది

నెస్టా ఒలెరెన్షా పార్లమెంటుకు వెళ్ళి అప్పటికి పద్నాలుగేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు హావెన్‌షా ఊరి బళ్ళలో నర్సు. ఊరి ఆసుపత్రి మూసేస్తామన్న రోజున సొంత పార్టీకే ఎదురు ఓటు వేసింది. ఆ దెబ్బతో మంత్రి పదవి మాట అటుంచి, చిన్న కమిటీలో కుర్చీ కూడా దక్కలేదు. వెనక వరస బెంచీయే ఆమెకు శాశ్వతమైపోయింది.

ఆదివారాలు మాత్రం ఆమె సొంతం. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి పొలాలకు గోడలు కట్టడమంటే ఆమెకు పిచ్చి. ఆ పని గొర్రెల కాపరి ఏమస్ టోర్డాఫ్ దగ్గర నేర్చుకుంది. లండన్‌లో తోటి సభ్యులు వెనక "రాళ్ళమ్మ" అనేవారు. ఒకరిద్దరు మొహం మీదే అనేవారు.

ఒక శనివారం, ఊళ్ళో ఆమె జనాన్ని కలిసే గదిలోకి ఎల్సీ సగ్డెన్ వచ్చింది. బడి వంటగదిలో పనిచేసే మనిషి. చిన్నప్పుడు ఆమె మోకాలికి కట్టు కట్టింది నెస్టాయే. ఎల్సీ కోటు విప్పలేదు, ఇచ్చిన టీ ముట్టలేదు. జులైలో ఆమె కూతురు క్యారల్, పదమూడేళ్ళ పిల్ల, పాత క్వారీ గుంటలో ఈతకు దిగి మునిగిపోయింది.

"గట్టుకు మూడు గజాల దూరంలోనే ఉందంటమ్మా. నలుగురు ఆడపిల్లలు గట్టుమీద నిలబడి అరిచారు. విసరడానికి ఏమీ లేదు. గుంట ఎవరిదో వాళ్ళు తాడు పెట్టాలని చట్టం లేదంట. నువ్వు చట్టాలు చేసేదానివేగా?"

పద్నాలుగేళ్ళలో నెస్టా చేసిన చట్టం ఒక్కటీ లేదు. మామూలు సభ్యులు సొంతంగా బిల్లు పెట్టాలంటే ఏటా తీసే లాటరీలో పేరు రావాలి. ఆమె పేరు ఎన్నడూ రాలేదు. ఆ ఏడాది వచ్చింది, నాలుగోదిగా. నీళ్ళు నిలిచిన ప్రతి క్వారీ గుంట గట్టునా యజమాని తాడు పెట్టాలని బిల్లు రాసింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అలాంటి బిల్లులకు ఇచ్చేది శుక్రవారం. మధ్యాహ్నం రెండున్నర కొడితే చర్చ ఆగిపోతుంది, ఓటింగు జరగని బిల్లు వరస చివరికి పోయి మూలన పడుతుంది. ఎవరైనా కావాలని సాగదీస్తే, వాళ్ళ నోరు మూయించడానికి వందమంది ఓటు కావాలి. శుక్రవారమంటే సభ్యులు సంచులు సర్దుకుని ఊళ్ళకు పోయే రోజు. నెస్టా ఆరు వారాలు ఫోన్లు చేసింది, చేతిరాతతో ఉత్తరాలు రాసింది, భోజనాల గదిలో బల్ల బల్లకూ తిరిగింది. నూట పద్దెనిమిది మంది వస్తామన్నారు.

ఆ రోజు ఎల్సీ పైన సందర్శకుల వరసలో కూర్చుంది. ఒంటిగంట దాటాక సర్ ఐవర్ క్లేవరింగ్ లేచాడు. నెస్టా పార్టీ వాడే. సొంత భూముల్లో మూడు క్వారీలున్న పెద్దమనిషి.

"తాడు అంటున్నారు. ఏ తాడు? జనపనారదా, నైలాన్‌దా? తడిస్తే బరువెంత? ఎలుక కొరికితే బాధ్యత ఎవరిది?"

మాట్లాడుతూనే ఉన్నాడు. నౌకల తాళ్ళ గురించి చెప్పాడు, తాతగారి పడవ గురించి చెప్పాడు. రెండు గంటలకు నెస్టా లేచి, చర్చ ముగించి ఓటుకు పెట్టమని అడిగింది. ఓటు వేసే సభ్యులు వరసగా పక్క నడవలోకి నడిచారు, తలలు లెక్కపెట్టారు.

తొంభై ఒకటి.

తొమ్మిది మంది తక్కువ. సర్ ఐవర్ నీళ్ళు తాగి, ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకున్నాడు. రెండున్నర కొట్టింది.

బయట నడవలో ఆయనే ఎదురొచ్చాడు. "మనసులో ఏమీ పెట్టుకోకు నెస్టా. నీ ప్రసంగం చాలా బాగుంది."

నెస్టా నోరు తెరిచేలోపు వెనకనుంచి ఎల్సీ గొంతు వినబడింది. "అయ్యా, మీరు తాడు గురించి గంటకు పైగా మాట్లాడారు. మా పిల్ల నీళ్ళలో ఉన్నది నాలుగు నిమిషాలే."

ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం నెస్టా కట్టిన వరస ఏమస్ కాలితో తన్నగానే కూలింది. "రాళ్ళ మీద కోపమా, మనుషుల మీదా?"

"మనుషుల మీదే. వాళ్ళను తన్నడానికి వీల్లేదుగా."

"అయితే తీసి మళ్ళీ కట్టు తల్లీ. గొర్రెలకు నీ కోపంతో పనిలేదు."

నెల తిరక్కుండా మంత్రిగారు కబురు పెట్టారు. బిల్లు వెనక్కి తీసుకుంటే క్వారీ యజమానులందరికీ సలహా ఉత్తరం రాస్తారట. వేరే దారి లేదు. నెస్టా సభలో లేచి ధన్యవాదాలు చెప్పింది. ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా చాలాకాలం గుచ్చుకుంది. ఉత్తరం అందుకున్న హావెన్‌షా క్వారీ యజమాని "ప్రమాదం" అని రాసిన ఒక చెక్కపలక పాతించి చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు నెస్టా, ఎల్సీ కలిసి తాడూ, తేలే చక్రమూ కొని, గుంట గట్టున గుంజ పాతి తగిలించారు. వారానికే మాయమైంది. మళ్ళీ తగిలించారు. యజమాని లాయరు నోటీసు పంపాడు. పార్టీ స్థానిక అధ్యక్షుడు ఇంటికొచ్చి మండిపడ్డాడు.

"ఎంపీవి, దొంగలా కంచెలు దూకుతావా? వచ్చే ఎన్నికల్లో టికెట్ కావాలా, వద్దా?"

"తాడు కావాలి," అంది నెస్టా.

టికెట్ వేరే అతనికి ఇచ్చారు. ఆ వేసవిలో తాడు అయిదుసార్లు పోయింది. ఆరోసారి మాత్రం అలాగే ఉండిపోయింది. యజమాని విసిగాడో, సిగ్గుపడ్డాడో ఎవరికీ తెలియదు. ఊరివాళ్ళు బజారులో నెస్టా చెయ్యి పట్టుకుని సాధించావన్నారు. ఆమెకు ఒళ్ళు మండేది.

"ఏం సాధించాను? దేశమంతటా గుంటలున్నాయి. నేను తాడు కట్టింది ఒక్కదానికి."

కొత్త ఎంపీకి ఎల్సీ ఉత్తరం రాస్తే, విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. అలాంటి జవాబులు నెస్టా పద్నాలుగేళ్ళు సంతకం పెట్టి పంపింది. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఎల్సీ వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రెండో ఉత్తరం తనే రాయడం మొదలుపెట్టింది.