సగంలో లేచిపోయే శ్రోతలు

ఆఫీసులో అతన్ని అందరూ ‘నిదానం’ అంటారు. మొహం మీదే అంటారు. అతనికి కోపం వచ్చేసరికి అన్నవాళ్ళు టీ తాగి వచ్చేస్తారు కాబట్టి గొడవేం లేదు.

అది చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి, రికార్డు చేసి దాచే లైబ్రరీ. ఫోన్ చేసి పుస్తకం పేరు చెబితే చాలు, ఎవరిదో గొంతు చెవిలో చదవడం మొదలుపెడుతుంది. ఆ పని చేసే ప్రోగ్రాం నిదానానిది. మధ్యాహ్నం కిటికీ తెరలు గాలికి ఉబ్బి, మళ్ళీ నీరసంగా వాలిపోతుంటే, హెడ్‌ఫోన్లో ఎవరో సముద్రం గురించి చదువుతుంటే, కుర్చీతో సహా తేలిపోతున్నట్టు ఉండేది అతనికి. రాసేది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. అక్కడ ఒక విలువ పుట్టాక మారదు, ముసలిదవదు, దాన్ని ఎవరూ సాగనంపక్కర్లేదు. అతనికి ఆ లోకం ఒంటికి కుట్టించినట్టు సరిపోయింది.

రికార్డింగులు దాచిన ఫైళ్ళది ఆ లోకం కాదు. తెరిచిన ఫైలును మూయాలి, అంతే. శ్రోత పుస్తకం చివరిదాకా వింటే ప్రోగ్రాం బుద్ధిగా మూసేది. కానీ చివరిదాకా వినేవాళ్ళెందరు? ఎవరో తలుపు కొడతారు, పొయ్యి మీద పాలు పొంగుతాయి, ఫోన్ పెట్టేస్తారు. వాళ్ళు వెళ్ళిపోయినా ఫైలు మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉండేది. అలాంటివి పోగుపడి పోగుపడి, సాయంత్రానికి ప్రోగ్రాం నడిచే మెషీను ఇక నా వల్ల కాదని చేతులెత్తేసేది. కొత్తగా ఫోన్ చేసినవాళ్ళకు ఉత్త నిశ్శబ్దం.

“ఈ వారం ఇంకోసారి ఆగిందంటే ఫోన్ సర్వీసు తీసేస్తాను బాబూ. పోస్టులో డిస్కులు పంపుకుందాం, పీడా పోతుంది,” అని లైబ్రరీ నడిపే పెద్దమేడం తేల్చి చెప్పేసింది.

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాళ్ళక్క కూడా ఆ శ్రోతల్లో ఒకరు. చేతికందిన గుడ్డనల్లా జాకెట్టు చేసిన మనిషి, చూపు మసకబారి కుట్టుమిషను మూలకు నెట్టేసింది. ఇప్పుడు ఆవిడ పగలంతా ఆ గొంతులతోనే. డిస్కు ఏ పక్క పెట్టాలో తడుముకుంటూ బతకడం ఆవిడ వల్ల కాదు. అసలు ఒప్పుకోదు.

అతను ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక పనిని చూసుకునే ముక్క, రాశాడు. ఫైలు తెరుస్తుంది, ఇచ్చిన పని చేయిస్తుంది, పని పూర్తయినా, మధ్యలో చెడినా, తెగినా, తనే మూసేస్తుంది. పరీక్షించాడు. బ్రహ్మాండం. మెషీనులో పెట్టాడు.

మర్నాడు ఆఫీసుకు రాగానే అక్క ఫోన్.

“ఒరేయ్, నీ లైబ్రరీకి ఏమొచ్చింది? పుస్తకం పేరు చెప్పి నోరు మూసుకుంది.”

“ఇంకోసారి చెయ్యక్కా.”

“నాలుగోసారిరా ఇది! పెళ్ళిపిలుపులిచ్చి పందిరి పీకేసినట్టుంది నీ వరస.”

పక్క సీటు అమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. “ఏం గురూగారూ, ఇంట్లోంచి కూడా తిట్లేనా?”

“నిన్న పనిచేసింది,” అన్నాడు నిదానం.

“నిన్న అన్నీ పనిచేస్తాయి.”

అతను అక్క అడిగిన పుస్తకమే అడిగి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. తెర ఉబ్బింది, వాలింది. నిశ్శబ్దంలో కూడా ఒక గది ఉంటుందనిపించింది, గొంతు సవరించుకుని చదవడానికి కూర్చున్న మనిషి ఉంటాడనిపించింది. పాపం, అతని చేతిలో పుస్తకం లేదు.

అప్పుడు వెలిగింది. అతను ప్రోగ్రాం రాసే భాషకు బద్ధకం. చదువు అంటే చదవదు, ‘అడిగినప్పుడు చదువుతాలే’ అని మాటిచ్చి ఊరుకుంటుంది. ఫంక్షన్ లోపల జరిగిందదే. ఫైలు తెరుచుకుంది, చదవాల్సిన పని ఒక మాట మాత్రం ఇచ్చి చేతులు దులుపుకుంది, పనైపోయిందనుకుని ఫంక్షన్ ఫైలు మూసేసింది. ఆ తర్వాత ఆ ఒట్టి మాట ఒక్కటే బయటికొచ్చి అక్క చెవి దాకా వెళ్ళింది. పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, అక్కడ అతను రికార్డింగు నిడివి లోపలే కొలిపించాడు. కొలవాలంటే చదవక తప్పదు మరి.

“మూయడం తప్పు కాదు. బయటికి తేవడం తప్పు,” అన్నాడు పైకే.

“ఎవర్ని?” అంది ఆ అమ్మాయి.

“గొంతుని. దాన్ని బయటికి తేకూడదు. వినేవాళ్ళనే లోపలికి తీసుకెళ్ళాలి.”

“భోంచేశారా మీరసలు?”

చెయ్యలేదు. గొంతును ఫోనులోకి పంపే పని మొత్తాన్ని తీసుకెళ్ళి ఆ ఫంక్షన్ లోపల కూర్చోబెట్టాడు. ఇక లోపల తెరిచింది లోపలే ఖర్చవ్వాలి. గడప దాటి ఏదీ రాదు. మార్చినదాన్ని మెషీనులో పెట్టి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికెళ్ళాడు. సగంలో లేచిపోయే శ్రోతను కళ్ళారా చూడాలి కదా.

అక్క మంచానికి ఆనుకుని కింద కూర్చుంది, ఫోన్ చెవికి ఆనించుకుని. ఈసారి గొంతు వచ్చింది. ఆడగొంతు, కాస్త బొంగురు. ఏదో ఊళ్ళో వాన, ఎవరో పడవ కోసం చూస్తున్నారు. స్క్రీన్ మీద తెరిచిన ఫైలు గుర్తు ఆకుపచ్చగా ఉంది. గదిలో ఎండ గోడ మీది నుంచి మెల్లగా దిగి ఆవిడ పాదాల మీదికొచ్చింది. వాన చదువుతున్న గొంతు, ఎండలో మెరిసే దుమ్ము. ఆ రెంటి మధ్యా ఆవిడ తల ఒక పక్కకు వాలింది. చెయ్యి సడలింది. ఫోన్ ఒళ్ళోకి జారి, వేలు తగిలి కాల్ తెగింది.

అతను స్క్రీన్ మీదికి వంగాడు. ఆకుపచ్చ గుర్తు ఒక్క క్షణం అలాగే ఉండి, ఆరిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఫైలు మూసుకుంది.

సాయంత్రం అయినా మెషీను చేతులెత్తెయ్యలేదు. ఆఫీసు నుంచి ఆ అమ్మాయి చేసింది. “గురూగారూ, మీరు వెళ్ళిన దగ్గర్నుంచి ఒక్కరూ తిట్టలేదు. ఏమీ తోచక పెద్దమేడమే ఫోన్ చేసి అరగంట కథ విన్నారు. సర్వీసు ఉంచుతారట.”

ఆ మాటలకు అక్క కళ్ళు తెరిచింది. “పడవ వచ్చిందా?”

“నాకేం తెలుసు? నువ్వు నిద్రపోయావు, అది ఆగిపోయింది.”

“నువ్వన్నా వినొచ్చు కదరా మొద్దూ!” అంటూ ఆవిడ ఒళ్ళో ఫోన్ కోసం తడుముకుంది. అతను అందించలేదు. దొరికే దాకా ఆగాడు. ఆవిడ మళ్ళీ పుస్తకం పేరు చెప్పింది. ఆ బొంగురు గొంతు మళ్ళీ వాన దగ్గర మొదలుపెట్టింది. ఈసారి అతను కూడా చెవి దగ్గరగా పెట్టి కూర్చున్నాడు.